తరువాత వచ్చే సంఖ్య

ఛీ! పన్నెండేళ్ళొచ్చాయి మా వర్షితకి. రెండు, ఆరు, పద్దెనిమిది తరువాత ఏ సంఖ్య వస్తుందో చెప్పలేకపోతోంది. శనివారమే ఐర్లండులో మేముంటున్న ఈ గాల్వేలో కొత్త స్కూలు ప్రవేశపరీక్ష.

"వరుస కళ్ళెదురుగా కనబడుతుంటే చూడవేమే? అసలు బుర్ర ఉందా?" అంటూ పుస్తకం బల్లమీదికి విసిరేశాను.

అది ఏడవలేదు. కాగితం మీద ఏదో రాసి నా ముందుకు తోసింది. "యు డూ దిస్ వన్, నాన్నా."

ఇరవై నాలుగు, పన్నెండు, ఆరు, ఆ తరువాత ఖాళీ.

"మూడు!" అన్నాను వెటకారంగా. "ప్రతిసారీ సగమవుతోంది. చంటిపిల్లలైనా చెబుతారు."

"లిమరిక్ స్కూల్లో ట్వెంటీఫోర్ మంత్స్. ఎన్నిస్‌లో ట్వెల్వ్. ఇక్కడ సిక్స్." పెన్సిలు డబ్బాలో పెట్టేసింది. "మళ్ళీ మూవ్ అవుతున్నామా?"

"అలాంటిదేం లేదు. ముందు పుస్తకం తియ్యి."

నా గొంతు నాకే రోత పుట్టించింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు గాని, వేరే ఊరి ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగానికి ఆ ఉదయమే సంతకం పెట్టాను.

మూడు నెలల కాంట్రాక్టుకి.