ఇంకొకరి గొంతు

ఆన్‌లైన్ పరీక్ష మొదలయ్యే ముందే ఆమె కాలింగ్ బెల్ తీగ పీకేసింది. గోడమీది క్యాలెండరు తీసి మంచం కింద దాచింది. బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు కూడా ఉండకూడదన్నారు. ఈ పరీక్ష గట్టెక్కితేనే మందుల షాపులో ఆమె ఉద్యోగం నిలుస్తుంది. పోయినసారి పక్కింటి కుక్క మొరిగి కొంప ముంచింది.

పక్కగదిలో భర్త తల కింద దిండు సర్ది, తలుపు దగ్గరగా వేసి వచ్చింది. ఆయనతో ఇబ్బంది లేదు.

"కెమెరా నాలుగు వైపులా తిప్పండి మేడమ్," అన్నాడు తెరమీది పరిశీలకుడు. "గదిలో ఇంకెవరూ లేరుగా?"

"లేరండీ."

"మీరు కుర్చీలోంచి లేచినా, ఇంకొకరి గొంతు వినిపించినా పరీక్ష రద్దే. తర్వాత బతిమాలినా లాభం లేదు."

సగం ప్రశ్నలు అయ్యాయి. చదివినవే వస్తున్నాయి. అంతలో పక్కగదిలోంచి ఏదో బొంగురుగా వినిపించింది.

"మేడమ్, ఎవరిదో గొంతు! ఎవరది?"

ఆమె ఊపిరి బిగబట్టి వింది.

"ఏమోయ్..."

"లేవకండి మేడమ్! రద్దయిపోతుంది!"

కుర్చీ వెనక్కి పడింది. ఆమె పక్కగదిలోకి పరుగెత్తి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. పక్షవాతం వచ్చి పడిపోయాక ఆయన నోట మాట రావడం అదే మొదలు. ఇక ఆశ వదులుకోమన్నారు డాక్టర్లు.

"ఇంకోసారి పిలవండి," అంది ఏడుస్తూ. "ఇప్పుడు ఎంత గట్టిగా పిలిచినా ఫర్వాలేదు."