చేపల కోసం కట్టిన షెడ్డు

మూడోసారి కూడా ఆ డిస్కస్ చేపల జంట తన గుడ్లను తానే మింగేసింది.

పొద్దున్నే హాల్లోకి వచ్చిన టీచరు అక్వేరియం ముందు నిలబడిపోయింది. లోపల బోర్లించిన మట్టికుండీ మీద నిన్న సాయంత్రం ఆవగింజల్లా అంటుకుని ఉన్న గుడ్లలో ఒక్కటీ లేదు. పళ్లు తోముకుంటూ వచ్చిన ఆవిడ మొగుడు కండక్టరు కూడా అదే చూశాడు.

అంతే, ఇద్దరూ ఇల్లు పీకి పందిరేశారు.

లైటు వేసి బెదరగొట్టింది నువ్వేనని ఆయన. టాంకులో చెయ్యి పెట్టి కెలికింది మీరేనని ఆవిడ. ఆయన బస్సులో ముందునుంచి వెనక సీటు దాకా వినబడేలా టికెట్లు అడిగే మనిషి. ఆవిడ మైదానం ఈ చివర నిలబడి ఆ చివరి పిల్లల్ని లైన్లో పెట్టే డ్రిల్లు టీచరు. గోరంతని కొండంత చేయడంలో మొగుడూ పెళ్లాలిద్దరూ ఇద్దరే.

కోపం మాత్రం ఉత్తుత్తిది కాదు. రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు తెచ్చి, అరచెయ్యంత అయ్యేదాకా పెంచుకున్న చేపలవి. వాటి పిల్లల్ని కళ్లారా చూడాలని ఇద్దరికీ ఆశ. ఆ ఇంట్లో ఇద్దరికీ కలిసిన విషయం అదొక్కటే.

చేపల కొట్టాయన్ని పిలిపించారు. ఆయన మంచినీళ్లు తాగుతున్నంతసేపూ చెరోవైపు నిలబడి ఒకరి మీద ఒకరు నేరాలు చెప్పారు. ఆయన విని విని, టాంకు నీళ్ల వేడి చూసి, గ్లాసు కింద పెట్టాడు.

"వేడి బాగుంది, తిండీ బాగుంది. బెదిరిన చేపే గుడ్లు తింటుంది. వీటికి కావలసింది నిశ్శబ్దం. ఇంకొక్కసారి తిన్నాయంటే ఇక అదే అలవాటైపోతుంది. పిల్లల మీద ఆశ వదులుకోవడమే."

ఆయన్ని సాగనంపి ఇద్దరూ టాంకు ముందుకొచ్చి కూర్చున్నారు. చివరికి పెరట్లో షెడ్డు వేద్దామంది టీచరు. సరేనన్నాడు కండక్టరు. అలా ఒక్క మాట మీదికి వచ్చారో లేదో, షెడ్డు తలుపు ఎటు పెట్టాలనే దగ్గర మళ్లీ మొదలైంది.

మేస్త్రీ వచ్చాడు. చేపల కోసమని చెప్పగానే తల ఊపాడు. ఇలాంటివి ఇంతకుముందూ కట్టానని, నీళ్లు చల్లబడకుండా చూసే పూచీ తనదని చెప్పాడు. గోడలు లేచాయి, పైన రేకు పడింది. రేకు కింద, గోడల లోపలివైపు థర్మకోల్ పలకలు అంటించి చేతులు దులుపుకున్నాడు.

టీచరు మెడలోంచి విజిల్ తీసి మొగుడి చేతికిచ్చింది. ఆయన లోపలికెళ్లి, తలుపేసుకుని, బుగ్గలు పొంగేలా ఊదాడు.

"వినబడుతోంది" అంది టీచరు, మొహం జేవురించుకుని. "మొత్తం పీకెయ్యండి."

మేస్త్రీకి ఒళ్లు మండింది. "వెచ్చదనానికి ఇది చాలమ్మా. చేపలు ఎక్కడైనా విజిల్ వేస్తాయా?"

"లోపలిది బయటికి వస్తే, బయటిది లోపలికి పోదా?" అన్నాడు కండక్టరు తలుపు తీసుకుని వస్తూ.

పెళ్లాన్ని వెనకేసుకొచ్చాడే అని మేస్త్రీ ఆశ్చర్యపోయేలోపు, విజిల్ సరిగా ఊదలేదని ఆవిడా, చెవులు సరిగా పెట్టి వినలేదని ఆయనా అందుకున్నారు.

పలకలు ఊడిపోయాయి. వాటి చోట గాజుపీచుతో చేసిన దళసరి గ్లాస్ ఊల్ పరుపులు దూర్చి, పైన చెక్కలు బిగించారు. తలుపు రెండు పొరలై, చుట్టూ రబ్బరు పట్టీ వచ్చింది. కిటికీ వద్దన్నారు. గాలికి వంకర తిరిగిన గొట్టం ఒకటి పెట్టి, సీలింగ్ ఫ్యాను బిగించమన్నారు.

చేపలకి ఫ్యానేమిటని మేస్త్రీ అడిగాడు. ఉక్కపోయదా అని కసిరాడు కండక్టరు.

టాంకు నీళ్లు మార్చితే పోవడానికి నేలలో తూము ఉండాలని మేస్త్రీ గునపం ఎత్తాడు. తూము అక్కర్లేదు, తలుపు కింద సందు పూడ్చమని టీచరు అరిచింది. ఆ అరుపుకి మేస్త్రీ చేతిలో గునపం జారి కాలి పక్కన పడింది. తాను పుట్టి బుద్ధెరిగి తూము లేని చేపల షెడ్డు చూడలేదని, రేపు మోకాల్లోతు నీళ్లొస్తే తనని అనొద్దని అతనూ గట్టిగానే అరిచాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అని గొణుక్కుంటూ సందు పూడ్చాడు.

చివరిరోజు విజిల్ మళ్లీ ఊదారు. ఈసారి టీచరు చెవికి చెయ్యి ఒడ్డి విని, బాగుందన్నట్టు తల ఊపింది. టాంకు మోయడానికి మనుషుల్ని పంపనా అని మేస్త్రీ అడిగితే, మేం చూసుకుంటాంలెమ్మని పంపేశారు.

కొన్నాళ్లకే చేపలు మళ్లీ గుడ్లు పెట్టాయి.

కండక్టరు అద్దానికి ముక్కు ఆనించి లెక్కపెడుతున్నాడు. అంత దగ్గరికి వెళ్తే బెదురుతాయని టీచరు ఆయన చొక్కా పట్టి లాగింది. ఆయన గిరుక్కున తిరిగాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఆవిడ నోరు తెరిచింది. మగచేప మొప్పలు కదపడం మానేసి గుడ్లవైపు జరిగింది.

నోటిదాకా వచ్చిన మాటని ఆయన పళ్ల మధ్య నొక్కిపట్టాడు. "పద బయటికి" అన్నాడు గుసగుసగా.

ఇద్దరూ చెప్పులేసుకుని, విసవిసా పెరడు దాటి, షెడ్డులోకి దూరి రబ్బరు పట్టీల తలుపు బిగించుకుని ఒక్కసారిగా గొంతులు విప్పారు. ఇక్కడ హాల్లో, ఎప్పుడూ ఉండే చోటనే ఉన్న టాంకులో, చేపలు రెండూ వంతులవారీగా గుడ్లకు రెక్కలతో విసురుతున్నాయి.