కోళ్లదొంగ వంశం

"మీ మూలపురుషుడు కోళ్లదొంగ!" అని పక్కింటి లుడ్జేర్ లాఫ్లేర్‌ని నలభై ఏళ్లుగా కంచె మీంచి తిడుతున్నాను. మారుమాట అనడు, నవ్వుతాడు. ఆ నవ్వుకి ఒళ్లు మండి, రుజువు కోసం చర్చి దస్త్రాలు తిరగేశాను.

దొంగ దొరికాడు. ఫ్రాన్సు నుంచి కెనడాలోని మా క్యుబెక్‌కి వచ్చిన సిపాయి. పాదిరీ గారి కోళ్లనే ఎత్తుకుపోయాడు. ఇంటిపేరు గబూరీ, పటాలంలో పెట్టిన మారుపేరు లాఫ్లేర్. పెద్దకొడుకు ఇంటిపేరు ఉంచుకున్నాడు. చిన్నవాడు మారుపేరునే ఇంటిపేరు చేసుకున్నాడు.

నా పుట్టింటిపేరు గబూరీ.

కంచె దగ్గరికెళ్లి, "ఆ దొంగతనం అబద్ధమట, అన్నయ్యా" అన్నాను.

"నిజమేనమ్మా, మా నాన్న ఎప్పుడో చెప్పాడు" అన్నాడు లుడ్జేర్, అదే నవ్వుతో. "మీ పెద్దల్ని నువ్వే తిట్టుకుంటుంటే మధ్యలో నేనెందుకని ఊరుకున్నా."