ట్యూబ్‌లైట్ గారు

జోకు పేలలేదు.

చిన్న హాలు, పన్నెండు మంది జనం. కమెడియన్‌కి అదే మొదటి ప్రదర్శన. ఏమీ తోచక కనుబొమలు ఎగరేసి, ముందు వరుసకేసి దీనంగా చూశాడు.

అక్కడ కూర్చున్న నెరిసిన మీసాల పెద్దాయన అప్పుడు నవ్వాడు. పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ అందుకున్నారు.

అలా ఆ పూట పరువు దక్కింది.

పెద్దాయన ప్రతి వారం అదే కుర్చీలో కనిపించేవాడు. ప్రతి జోకుకీ ఓ క్షణం ఆలస్యంగానే నవ్వేవాడు.

"మా ట్యూబ్‌లైట్ గారు వెలిగారండీ" అనేవాడు కమెడియన్ స్టేజీ మీంచి.

హాలంతా గొల్లుమనేది. దానికీ ఆయన ఓ క్షణం ఆగే నవ్వేవాడు.

ఆయన కోసం ఆగడం కమెడియన్‌కి అలవాటైపోయింది. మాట అనేసి, కనుబొమలు ఎగరేసి, ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడం ఓ సినిమా దర్శకుడి కంట పడింది.

"మాటలు ఎవరైనా చెబుతారు బాబూ. ఇలా ఆగడం ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఓ ట్యూబ్‌లైట్ దగ్గర సార్."

సినిమాల్లో పడ్డాక ఆ హాలు ముఖం చూడలేదు. పదేళ్లు జనాన్ని నవ్వించాడు, ఏడిపించాడు కూడా. ఉత్తమ నటుడన్నారు. పత్రికలు అతని మౌనం గురించి పేజీలు నింపాయి.

అవార్డు అందుకున్నప్పుడు చప్పట్లు ఠక్కున మోగాయి. ఆ ఆలస్యపు నవ్వు లేక అతనికి వెలితిగా అనిపించింది.

మర్నాడే అవార్డు చంకన పెట్టుకుని, హాలు మేనేజరు దగ్గర చిరునామా తీసుకుని బయల్దేరాడు.

పెద్దాయన కూతురు తలుపు తీసింది.

"నాన్న పోయి రెండు నెలలైందండీ."

గోడ మీద ఫొటోలో అవే మీసాలు. అతనికి తలెత్తి చూడబుద్ధి కాలేదు.

"స్టేజీ మీంచి ఆయన్ని తెగ ఆటపట్టించేవాణ్ణమ్మా. ఒక్కనాడూ ఏమీ అనుకోలేదు."

"అవునా? నాన్న మాతో చెప్పలేదే. నలుగురి మధ్యా కూర్చోవచ్చని వెళ్లేవారు. మీ గురించైతే ఒకటే మాట. 'ఆ అబ్బాయి ఆగి నాకేసి చూస్తాడు. అప్పుడు నవ్వకపోతే పాపం చిన్నబోతాడు' అనేవారు."

అతని ముఖం వాడిపోయింది.

"అంటే నా జోకులు ఆయనకి నచ్చేవి కాదా అమ్మా?"

ఆమె ఫొటోకేసి చూసి మెల్లగా అంది.

"ఒక్కటైనా వింటేగా అండీ, మిల్లు హోరులో ముప్పై ఏళ్లు పనిచేసి, మీరు స్టేజీ ఎక్కకముందే రెండు చెవులూ పోగొట్టుకున్నారు."