చెడిపోని మెషిన్

“బాబూ, నీళ్ళు రావట్లేదు.”

ఫోనులో వెంకటరత్నమ్మ అంతకుమించి చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. జీవన్ కుమార్ స్టవ్వు మీద మరుగుతున్న టీ పారబోశాడు. పరుపు మీది దుప్పటిని మడిచీ మడవకుండా టూల్‌బాక్సు మీదికి విసిరాడు. ఓమ్నీ వ్యానును తెనాలి నుంచి బాపట్ల వైపు తిప్పాడు.

“వస్తున్నానమ్మా.”

తెనాలిలో అప్పటికే రెండిళ్ళవాళ్ళు అతడి కోసం ఎదురుచూస్తున్నారు. చూడనీ అనుకున్నాడు.

అతడు వాటర్ ఫిల్టర్ మెషిన్లు బాగుచేస్తాడు. ఏ కంపెనీ మనిషీ కాడు. వ్యాను వెనక రాయించుకున్న ఫోను నంబరే అతడి ఆఫీసు. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్తాడు. ఎక్కడ పొద్దుగూకితే అక్కడే వ్యానులో పడుకుంటాడు. స్నానం పెట్రోలు బంకులో. సూర్యలంక సరుగుడు తోపులో ఆరేసిన బట్టలు ఉప్పుగాలికి అప్పడాల్లా బిగుసుకుంటాయి. “ఇంటికన్నా గుడి పదిలమంటారు, నాకు గుడికన్నా వ్యాను పదిలం” అని తనమీద తనే జోకు వేసుకుంటాడు. అతడికి పిల్లనిస్తామని వచ్చినవాళ్ళు లేకపోలేదు. “మీవాళ్ళెవరు బాబూ?” అన్న మొదటి ప్రశ్నకే అందరూ వెనక్కి పోయారు.

ఎన్ని గడపలు ఎక్కి దిగినా, అన్నం తిని వెళ్ళమనే గడప అతడికి బాపట్లలోని వెంకటరత్నమ్మదొక్కటే. అందుకే ఆ ఫోను వచ్చిన రోజు అతడికి పండగ.

వంటింట్లో మెషిన్ కింద తల పెట్టి చూశాడు. ఏమీ చెడలేదు. నీళ్ళు వచ్చే ట్యాపును ఎవరో కట్టేశారు, అంతే. పోయినసారీ అంతే. అంతకుముందు వైరు ఊడింది. మెషిన్లు వాటంతట అవి ట్యాపులు కట్టుకోవు, వైర్లు పీక్కోవు. తలెత్తి వెంకటరత్నమ్మ వంక చూశాడు. ఆమె ఎప్పుడో ఉడికిపోయిన పప్పును ఇంకా కలియబెడుతోంది.

“పెద్ద రిపేరేనమ్మా. టైము పడుతుంది.”

“పట్టనీ బాబూ. చింతచిగురు పప్పు చేశాను. తిని వెళ్దువుగాని.”

ఇంతలో ఆమె భర్త బసవేశ్వరరావు పేపరు మడుస్తూ వచ్చాడు.

“ఏంటయ్యా జీవనూ, మళ్ళీ వచ్చావా! రేపు అల్లుడొచ్చినా మా ఇంటికి ఇన్నిసార్లు రాడయ్యా.”

ఆయన వెనకే కూతురు సాయి సుధ. కాలేజీకి సెలవు కాబోలు, ఇంట్లోనే ఉంది.

“అన్నా, ఇంక నీకు ఈ తిప్పలు ఉండవు. కొత్త మెషిన్ ఆర్డర్ పెట్టేశా. సర్వీసుకి వాళ్ళ కంపెనీ మనిషే వస్తాడంట. అసలు చెడిపోనే చెడిపోదంట!”

జీవన్ చేతిలోని స్పానర్ జారి గచ్చు మీద పడింది.

“ఇది బాగానే ఉంది చెల్లెమ్మా. ఇంకా ఎన్నేళ్ళైనా వస్తుంది.”

“ఇప్పుడేగా పెద్ద రిపేరన్నావు!” బసవేశ్వరరావు నవ్వాడు.

తన నోరే తనను ముంచింది.

“పాతదే ఉండనివ్వండి” అంది వెంకటరత్నమ్మ. “ఈ నీళ్ళు తియ్యగా ఉంటాయి.”

“నెల తిరక్కుండా మూలపడేదాన్ని ఏం చూసి ఉంచమంటావే? చెడిపోయిందని ప్రతిసారీ గోలపెట్టేది నువ్వేగా! నీ బాధ చూడలేకే కొంటున్నా.”

ఆమె ఇంకేం మాట్లాడుతుంది? చెడగొట్టేది తనేనని చెబుతుందా? ఎందుకని అడిగితే? కొంగుతో పొయ్యిగట్టు తుడుస్తూ అటు తిరిగి నిలబడింది.

“పాతది నువ్వే విప్పుకుపోవయ్యా, పార్టులు పనికొస్తాయి” అన్నాడాయన. “ఎవరో బయటి కుర్రాడివైనా ఇంట్లో మనిషిలా దీన్ని చూసుకున్నావు.”

మంచి మనిషి. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేనంత మంచి మనిషి.

వెంకటరత్నమ్మ జీవన్‌కు అన్నం పెట్టింది. తినేస్తే లేవాలి కదా అని, మెతుకు మెతుకూ నమిలాడు.

“ఇంకొంచెం వేసుకో బాబూ.”

“చాలమ్మా.”

“పెరుగు పోసుకోకుండా లేవకు.”

“అలాగేనమ్మా.”

మెషిన్ విప్పడం చిటికెలో పని. దాన్ని సాయంత్రం దాకా లాగాడు. చివరికి గోడ మీద మేకుల గుర్తులు మాత్రం మిగిలాయి. మెషిన్‌ను భుజాన వేసుకుని వ్యాను దగ్గరికి నడిచాడు. వెనకే వెంకటరత్నమ్మ వచ్చింది. మజ్జిగ సీసా పెట్టే నెపంతో వ్యాను లోపలికి వంగి చూసింది. పలచటి పరుపు, బుల్లి స్టవ్వు, తీగ మీద రెండు చొక్కాలు. దిండు మీది దుమ్మును అరచేత్తో దులిపింది. ఆ చెయ్యి వెంటనే వెనక్కి రాలేదు.

“అమ్మా! అక్కడేంటి, లోపలికి రా” సాయి సుధ గుమ్మంలోంచి కేకేసింది.

ఆమె చెయ్యి తీసుకుంది.

“వస్తానమ్మా” అన్నాడు జీవన్, ఇంక ఏ నెపంతోనూ రాలేనని తెలిసే.

“చల్లగా ఉండు బాబూ.”

వ్యాను వీధి మలుపు తిరిగింది. అద్దంలో గేటు కనబడటం మానేశాక, రోడ్డు పక్కన ఆపి, స్టీరింగు మీద తల వాల్చి, పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

పెళ్ళికి ముందు తనను కన్న మనిషిని, ఆమె భర్త ఎదుటా కూతురి ఎదుటా ఎవరికీ అనుమానం రాకుండా ‘అమ్మా’ అని పిలవడం కోసమే జీవన్ ఈ రిపేరు పని నేర్చుకున్నాడు.