లచ్చవ్వ జవాబు

దొరల పాత గడీలన్నీ మ్యూజియంలైపోయిన కాలమది. ఒకప్పుడు అక్కడ బతికినవాళ్లు వెలుగుబొమ్మలై నిలబడి, తాము చెప్పిపోయిన మాటలతోనే చూడవచ్చినవాళ్లకు జవాబులిచ్చేవాళ్లు. స్వరూప అలాంటి ఒక గడీలో గైడు. ఆ పూట ఆమె వెంట తిరుగుతున్నవాళ్లలో సాయవ్వ అనే నడివయసు మనిషి, వంటశాలలో లచ్చవ్వ బొమ్మ ముందు ఆగిపోయింది.

"అవ్వా, నేను నీ మనవరాలిని. దొర నీ చెయ్యి కాల్చిండని అమ్మ చెప్పేది. నిజమేనా?"

"లేదు బిడ్డా, దొర దేవుడు," అని నవ్వింది లచ్చవ్వ.

సాయవ్వ ముఖం వాడిపోయింది. "మా అమ్మ సచ్చేదాకా అదే చెప్పుకుంట ఏడ్చింది. అంతా అబద్ధమేనా?"

స్వరూప ముందుకు వచ్చింది. అసలు జవాబు విని చూడవచ్చినవాళ్లు నొచ్చుకుంటున్నారని పైవాళ్లు అంటే, లచ్చవ్వ నోట ఆ మాట పెట్టింది తనే. ఉద్యోగం పోతుందని తెలిసీ నోరు విప్పింది.

"మీ అమ్మ అబద్ధం చెప్పలేదక్కా. జవాబు నేనే మార్చిన." బొమ్మలను నడిపే చేతిలోని పలక మీద అసలు మాటలు తిరిగి పెట్టింది. "ఇప్పుడడుగు."

సాయవ్వ మళ్లీ అడిగింది. లచ్చవ్వ నవ్వు ఆరిపోయింది. కొంగు తొలగించి, ముడుచుకుపోయిన ముంజేయి చూపించింది.

"పాలు పొంగిపోయినయని కాల్చిండు బిడ్డా."

సాయవ్వ స్వరూప వైపు తిరిగింది. "ఇన్ని దినాలు ఈ కాలిన చేతితోనే అవ్వను నవ్విచ్చిన్రా?"

"ఔనక్కా," అంది స్వరూప, తలెత్తకుండా.