పచ్చాకులు కోసినవాడు

"ఏయ్! కత్తి కింద పెట్టు!"

తోటమాలి మౌలాలి కేకకు గాజుగది దద్దరిల్లింది.

రియాద్ శివారు తోటలో, ఆకుల అందం కోసం పగలూ రాత్రీ ఏసీ వేసి కాపాడుతున్న హోస్టా మొక్క అది. దాని చుట్టూ కోసిన పచ్చాకులు. పక్కన కత్తితో ఒక ముసలాయన.

సులైలోని క్లీనింగ్ కంపెనీ నుంచి అద్దాలు కడగడానికి వచ్చిన మనిషి. బ్యాడ్జి మీద పేరు అంజన్న.

"ఎవురు కోయమన్యారు నిన్ను?"

"పచ్చయి తీస్తున్న సార్. ఇవుంటే తెల్లంచుది బతకది."

"బలంగా ఉండేవి కోసి, పీలదాన్ని పెడ్తావా? నీకేమన్నా మతి ఉండాదా?"

"బలమున్నదే తెల్లదాన్ని మింగుతది సార్."

మౌలాలికి ఒళ్ళు మండిపోయింది. రెండు నెలల్లో జరిగే మొక్కల ప్రదర్శనలో ఇది గెలిస్తే, కడపలో ఉన్న భార్య సురయ్యాకు వీసా ఇప్పిస్తానని తోట యజమాని అయిన కఫీల్ మాటిచ్చాడు. ఆరేళ్ళుగా ఆమెను ఫోన్లో చూడటమే.

అక్కడికక్కడే కంపెనీకి ఫోన్ చేశాడు.

"ఈ అంజన్న మా మొక్కను నాశనం చేసినాడు. ఇంగ పంపాకండి."

అంజన్న కుండీని చల్లగాలికి జానెడు దగ్గరగా జరిపి వెళ్ళిపోయాడు.

మొక్కకు మిగిలినవి మూడే తెల్లంచు ఆకులు. మౌలాలి ఆశ వదులుకున్నాడు.

నెలన్నర తర్వాత ఒక ఉదయం తలుపు తీసి, గడపలోనే నిలబడిపోయాడు.

కుండీ నిండా అరచేతులంత ఆకులు. నడుమ ముదురు పచ్చ, చుట్టూ వేలెడు వెడల్పున చిక్కని పాలతెలుపు.

"యా అల్లా!" అన్నాడు. తాకబోయి, భయమేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చూడవచ్చిన డ్రైవర్లు, వంటవాళ్ళు ఎవరూ చెప్పకుండానే చెప్పులు బయట విడిచారు.

అయితే పేరు తెలియని మొక్కను ప్రదర్శనలో పెట్టరు. దీని చీటీ ఎప్పుడో పోయింది. మొక్కల పేర్లు తేల్చే ఉమారాణి జెద్దా నుంచి వచ్చింది.

మొక్కను చూస్తూనే ఆమె మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది.

"దీన్ని మించింది ప్రదర్శనలో ఉండదు!"

సురయ్యా వీసా వచ్చినట్టేనని మౌలాలి పొంగిపోయాడు.

"మొదలు దగ్గర గాట్లున్నాయి. పచ్చ మొలకలు కోసిందెవరు?"

"ఒక... అద్దాలు కడిగే ఆయన, మేడమ్."

"ఆయనకు దండం పెట్టాలి. కోయకపోతే మొక్కంతా మామూలు పచ్చగా మారిపోయేది. ఇలాంటిది నేనింకెక్కడా చూళ్ళేదు. పిలవండి."

మౌలాలి కంపెనీకి ఫోన్ చేశాడు.

"అంజన్నా? మీ కంప్లయింట్ మీదే ఎగ్జిట్ కొట్టేశాం కదా! పోయిన శుక్రవారం ఇండియా వెళ్ళిపోయాడు."

తన సంసారం నిలబెట్టినవాణ్ణి తనే వెళ్ళగొట్టాడు. మౌలాలికి కళ్ళెత్తి చూడటానికి సిగ్గేసింది.

ఉమారాణి అప్పటికే ల్యాప్‌టాప్‌లో మొక్కల పేర్ల రిజిస్టర్ తెరిచి ఆకు ఫొటోలు పోల్చి చూస్తోంది.

"దొరికింది! పదకొండేళ్ళ కిందట హాయిల్‌లో ఒక నర్సరీలో పుట్టింది. నర్సరీ ఇప్పుడు లేదు. విచిత్రం, పేరు తెలుగులో ఉంది. 'పాలంచు'!"

"ఎవురు పెట్టినారు మేడమ్?"

"కొత్త రకాన్ని ముందుగా గుర్తుపట్టినవాళ్ళే పెడతారు. మీరే చూడండి."

ఆమె చూపించిన చోట ఇలా ఉంది: అంజన్న, నీళ్ళు పెట్టే కూలీ.